కూర్చున్న కట్టకి ప్లేట్లు ఎక్కిస్తే ఏమవుద్ది?

"వెనక కూర్చుందబ్బయా, రెండు ప్లేట్లు ఎక్కిస్తే లేస్తది." రెండేళ్ళ కింద ఒక కమాన్ షాపులో, అంటే బండ్ల కింద ఉండే లీఫ్ స్ప్రింగుల షాపులో, మా పికప్ చూసి మేస్త్రి అన్న మాట ఇది. నేనూ సరేనన్నా, నాకూ అప్పుడు అంతకన్నా తెలీదు మరి, బండి వెనక దిగింది కాబట్టి లేపాలి, లేపాలంటే ఇనుము ఎక్కువ వెయ్యాలి, ఇంతే నా లెక్క. సాయంత్రానికి ఒక్కో పక్క రెండు 8 ఎంఎం ప్లేట్లు ఎక్కాయి, వెనక మూడు వేళ్ళు లేచింది, చూట్టానికి బలే ఉంది. మూడో రోజు కలువాయి దగ్గర తోట నుంచి ఖాళీగా తిరిగొస్తా ఉంటే గరుసు రోడ్డు మలుపులో వెనక టైర్లు నేల మీద నిలవకుండా గంతులేసుకుంటా పక్కకి జరిగి, బండి కాలవ గట్టుకి ఆనుకుని ఆగింది. ఎవరికీ ఏం కాలేదు. మా నాయన మాత్రం నడుం పట్టుకుని దిగి, "దీనికన్నా ఎద్దులబండి నయంరా" అన్నాడు.

ఆ దెబ్బకి ఈ కమాన్ కట్టల, అంటే వంపు తిరిగిన ఉక్కు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన ఈ స్ప్రింగుల, సంగతేందో తేల్చుకుందామని కూర్చున్నా. అప్పుడు తెలిసిందేందంటే, మనం "కూర్చుంది" అనేదీ "మెత్తబడింది" అనేదీ ఒకటి కాదు, "లేపడం" అనేదీ "బలం చెయ్యడం" అనేదీ ఒకటి కాదు. ఈ నాలుగింటినీ ఒకే గాటన కట్టేస్తాం కాబట్టే సగం బండ్లు చెడిపోతా ఉండాయి. డబ్బులు పెట్టి మరీ చెడగొట్టుకుంటా ఉండాం.

మొదట అసలు ఈ కట్ట ఏం పని చేస్తదో చూద్దాం. ఎద్దులబండికి స్ప్రింగే ఉండదు, ఇరుసు మీద నేరుగా బండి. కమాన్ కట్ట ఉండేది జట్కాకి, వెనకటి రోజుల్లో నెల్లూరు స్టేషన్ దగ్గర జట్కా ఎక్కినోళ్ళని అడిగితే చెప్తారు ఆ ఊగుడు ఎట్టా ఉండేదో. కమాన్ అంటే పారసీలో విల్లు, పేరు పెట్టినోడెవరో గానీ సరిగ్గా పెట్టాడు. వీ-క్రాస్, హైలక్స్, బొలెరో క్యాంపర్, ఏది తీసుకున్నా వెనక ఇప్పటికీ ఇదే విల్లు. 1804లో ఇంగ్లాండులో ఒబదయా ఇలియట్ అనే ఆయన గుర్రపు బగ్గీల కోసం పేటెంట్ తీసుకున్న ఆలోచన ఇది, రెండొందల ఏళ్ళు దాటినా పికప్ కింద నుంచి పోలేదంటే కారణం ఉంది.

కారులో ఉండే కాయిల్ స్ప్రింగు బరువు మోస్తది, అంతే. హౌసింగ్, అంటే వెనక చక్రాలు రెండింటినీ కలిపే ఇరుసు గొట్టం, ముందుకీ వెనక్కీ పక్కకీ పోకుండా పట్టుకోడానికి వేరే రాడ్లుంటాయి. కమాన్ బండిలో ఆ రాడ్లేం ఉండవు. బరువు మోసేదీ కట్టే, హౌసింగ్ ని దాని చోట్లో నిలబెట్టేదీ కట్టే, యాక్సిలేటర్ తొక్కినప్పుడు హౌసింగ్ మెలి తిరగబోతే ఆపేదీ కట్టే, బ్రేకు కొడితే అటు తిరగబోతే ఆపేదీ అదే. పైగా ప్లేటు మీద ప్లేటు రాసుకుంటది కదా, ఆ రాపిడి వల్ల ఊగుడు కూడా కొంత తగ్గుద్ది, అంటే షాక్ అబ్జార్బర్ పనిలో కూడా కాస్త చెయ్యేస్తది. ఒక్క మనిషి మీద నాలుగు పనులు పెట్టినట్టు. కాబట్టి దాంట్లో ఒక పని కోసం ఏదన్నా మార్చామా, మిగతా మూడూ కదులుతాయి. మేస్త్రి నా బండికి బరువు మోసే పని ఒక్కటే చూశాడు.

ఇప్పుడు ప్లేటు మందం సంగతి, అసలు గుట్టంతా ఇక్కడే ఉంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

7 ఎంఎం ప్లేటుకీ 8 ఎంఎం ప్లేటుకీ తేడా ఒక్క ఎంఎం, చేత్తో పట్టుకుంటే తెలీను కూడా తెలీదు. కానీ ప్లేటు గట్టితనం మందంతో పాటు మామూలుగా పెరగదు, మందాన్ని మూడుసార్లు హెచ్చిస్తే ఎంతొస్తదో ఆ లెక్కన పెరుగుద్ది. 7 ని మూడుసార్లు వేస్తే 343, 8 ని వేస్తే 512. అంటే ఒక 8 ఎంఎం ప్లేటు ఒకటిన్నర 7 ఎంఎం ప్లేట్లతో సమానం. 10 ఎంఎం వేస్తే దాదాపు మూడు ప్లేట్లతో సమానం. పొడుగుకీ ఇదే లెక్క, కాకపోతే తిరగేసి, కట్ట పొడుగు పదో వంతు తగ్గితే గట్టితనం మూడో వంతు కన్నా ఎక్కువే పెరుగుద్ది. ఆఫ్ రోడ్ బండ్లకి పొడుగాటి కట్ట, సన్న ప్లేట్లు కావాలని ఎందుకంటారో ఇప్పుడు అర్థమైంది కదా.

నా బండికి కంపెనీ నుంచి వచ్చింది 7 ఎంఎం ప్లేట్లు నాలుగు, కింద లావుపాటి హెల్పర్ ప్లేటు ఒకటి, అది మామూలప్పుడు పైవాటికి తగలదు, లోడు పడితేనే తగులుద్ది. పైన నాలుగింటి లెక్క 343 చొప్పున 1372. మేస్త్రి ఎక్కించిన రెండు 8 ఎంఎంలు 1024. మొత్తం 2396. అంటే "రెండు ప్లేట్లే కదా" అనుకున్నది కట్టని దగ్గర దగ్గర ముప్పావు వంతు ఎక్కువ గట్టి చేసేసింది. ప్లేట్ల పొడుగులు వేరుగా ఉంటాయి కాబట్టి ఇది ఉజ్జాయింపే, అయినా దారి చూపిస్తది.

గట్టిగా ఉంటే మంచిదేగా అంటారు. లోడున్నప్పుడు మంచిదే. ఖాళీ బండిలో ఏమవుద్దంటే, గుంట వచ్చినప్పుడు టైరు గుంటలోకి దిగాలి, దిగాలంటే కట్ట దాన్ని కిందికి నెట్టాలి, కట్ట ఎంత దూరం నెట్టగలదు? బండి బరువుకి అది ఎంత అణిగి ఉందో సుమారుగా అంతే దూరం. నా బండి ఖాళీగా ఉంటే పాత కట్ట 90 ఎంఎం అణిగి ఉండేది, రెండు ప్లేట్లు ఎక్కాక 52 ఎంఎం. అంటే బెత్తెడు గుంట వస్తే టైరు గాల్లోనే. గాల్లో ఉన్న టైరుకి బ్రేకూ లేదు, పట్టూ లేదు. ఊగుడు లెక్క కూడా దీన్నిబట్టే వస్తది, 90 ఎంఎం అణిగిన కట్ట నిమిషానికి వంద సార్లు ఊగుద్ది, 52 అణిగింది నూట ముప్ఫై సార్లు. వంద దాకా మనిషి ఒళ్ళు ఓర్చుకుంటది, నూట ముప్ఫై అంటే మా నాయన నడుం.

సరే, ఆ రెండు ప్లేట్లూ పీకించేసి పాత కట్టతోనే బండిని ఇంటికి తెచ్చా, వెనక మళ్ళీ కూర్చుంది. అప్పుడు చేసిన పని మీరు కూడా చెయ్యొచ్చు, రూపాయి ఖర్చు లేదు. రెండు 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములు తెచ్చి, ఖాళీవి, సరిగ్గా వెనక చక్రాల పైనొచ్చేట్టు ట్రాలీలో పెట్టా. చక్రం మధ్య నుంచి మడ్ గార్డు అంచు దాకా టేపుతో కొలిచి రాసుకున్నా, రెండు పక్కలా. తర్వాత బోరు పైపుతో రెండూ నింపి, బండిని ఒకసారి ముందుకీ వెనక్కీ కదిలించి మళ్ళీ కొలిచా, కదిలించకపోతే ప్లేట్ల రాపిడికి కట్ట సగంలోనే ఇరుక్కుని అబద్ధం చెప్పుద్ది. 400 లీటర్లు అంటే 400 కిలోలు, దీనికి కాటా అక్కర్లేదు. బండి 58 ఎంఎం దిగింది. అంటే ఎంఎంకి దాదాపు 7 కిలోలు, రెండు కట్టలూ కలిపి. మూడో డ్రమ్ము నింపితే మాత్రం 18 ఎంఎమ్మే దిగింది, అంటే అప్పటికి హెల్పర్ ప్లేటు తగిలి సాయానికి వచ్చిందన్నమాట.

మరుసటి ఆదివారం మా బావ వాళ్ళ ఫ్రెండుది అదే మోడల్ బండి, రెండేళ్ళు కూడా నిండలేదు, దానికీ ఇదే పరీక్ష పెట్టా. అదే డ్రమ్ములు, అదే బోరు నీళ్ళు. 57 ఎంఎం దిగింది. ఎనిమిదేళ్ళ నా బండి 58, రెండేళ్ళ ఆ బండి 57! కానీ ఖాళీగా పక్కపక్కన పెడితే నా బండి వెనక దానికన్నా 30 ఎంఎం కిందే ఉంది.

అంటే నా కట్ట మెత్తబడలేదు. దాని వంపు పోయింది, అంతే. ఉక్కు గట్టితనం వయసుతో తగ్గేది కాదు, ఏళ్ళ తరబడి లోడు మీద లోడు పడి విల్లు కాస్త సాగి చదునైంది, కానీ ఎంఎంకి ఎన్ని కిలోలు మోస్తదనేది మారలేదు. నాకు కావాల్సింది వంపు, నేను కొనుక్కున్నది గట్టితనం. జ్వరానికి పోతే కట్టు కట్టి పంపినట్టు. ఈ ఒక్క ముక్క నాకు ముందే ఎవరన్నా చెప్పుంటే ఆ కాలవ గట్టు దాకా పొయ్యేవాణ్ణి కాదు.

ఇంకొకటి కూడా తూకం వేసుకోండి. రైస్ మిల్లు వేబ్రిడ్జి దగ్గరికి పోయి వెనక చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి రోజువారీ సామానుతో ఎంతొస్తదో చూడండి. నాది అసలు ఖాళీగా వెనక 790 కిలోలు, అందులో హౌసింగ్, చక్రాల బరువు ఒక 170 తీసేస్తే కట్ట మోసేది 620. కానీ నా బండి అసలు ఖాళీగా ఎప్పుడుంటది? స్ప్రే మోటారు, పైపు చుట్టలు, టూల్ బాక్సు, స్టెప్నీ రెండోది, వెనక ఇనప బంపరు, ఇవన్నీ దిగవు, ఏడాది పొడుగునా పైనే. కాటా మీద 180 కిలోలు ఎక్కువ తేలింది. ఆ 180 లో మోటారూ బంపరూ తోక చివర ఉండాయి, ఇది ఇంకో తిరకాసు, చక్రానికి మీటరు వెనక 200 కిలోలు పెడితే వెనక చక్రాల మీద పడేది 200 కాదు, 3.1 మీటర్ల వీల్ బేస్ బండికి దాదాపు 265 పడుద్ది, ఆ ఎక్కువైన 65 ముందు చక్రాల మీద నుంచి లేచి వచ్చింది. త్రాసుకాడ లాగా. ముందు తేలికైతే స్టీరింగ్ కూడా తేలికైపోద్ది, రాత్రిపూట హెడ్ లైట్లు చెట్ల మీద పడతాయి. నేను కట్ట ముట్టుకోకుండా మోటారుని క్యాబిన్ వైపుకి జరిపితేనే వెనక ఒక వేలు లేచింది. ముందు ఈ పని చేసి చూడండి.

ఇన్ని లెక్కలేసుకుని ఈసారి ఒంగోలు అవతల చీమకుర్తి రోడ్డులో గ్రానైట్ టిప్పర్లకి కట్టలు కట్టే ఒక పెద్దాయన దగ్గరికి పోయా. అందరూ భాయ్ అనే పిలుస్తారు. గెలాక్సీ గ్రానైట్ బండలు మోసే టిప్పర్ల కింద చూశారా ఎప్పుడన్నా, పుస్తకాల దొంతర మాదిరి ప్లేట్లుంటాయి. నేను ఆయనేదో ఇంకో లావు ప్లేటు చూపిస్తాడనుకున్నా. ఆయన మొదట అడిగింది ఇది:

"నెలలో ఎన్ని రోజులు లోడు తోల్తావ్?"

"నిమ్మకాయల సీజన్లో వారానికి రెండు మూడు సార్లు భాయ్, పొదలకూరు మార్కెట్ కి. మిగతా రోజులు ఉత్త సామానే."

"అయితే సామానుకి కట్ట కట్టాలి, నిమ్మకాయలకి హెల్పర్ ఉండాలి. టిప్పర్ కి సగం దూరం లోడే, దానికి అట్టా కడతాం. ఖాళీ టిప్పర్ తోలే డ్రైవర్ని అడుగు, వాడి పేగులు ఎట్టా ఉంటాయో."

నాకు పట్టిన రెండు వారాల లెక్క ఆయన రెండు ముక్కల్లో చెప్పాడు. ఆస్ట్రేలియాలో ఏఆర్‌బీ వాళ్ళ ఓల్డ్ మ్యాన్ ఎము లాంటి కంపెనీలు కట్టలు అమ్మేది కూడా ఈ పద్ధతిలోనే, ఒకే బండికి తేలిక లోడుకి ఒక కట్ట, ఎప్పుడూ ఉండే లోడుకి ఇంకో కట్ట. "హెవీ డ్యూటీ ఇవ్వండి" అని పేరు చూసి తెప్పించుకుని ఖాళీ బండికి వేసుకుంటే, వేలకి వేలు పోసి నా మొదటి మేస్త్రి పనే చేయించుకున్నట్టు.

ఇక లేపే దారులు. వంపు ఎక్కువున్న ప్లేటు ఒకటి మధ్యలో ఎక్కించడం ఒకటి, చవక, కానీ లేపడంతో పాటు గట్టితనమూ పెరుగుద్ది, రెండూ కావాల్సిన వాళ్ళకే అది. హౌసింగుకీ కట్టకీ మధ్యలో బ్లాకు పెట్టడం ఇంకోటి, కట్ట గుణం మారదు, ఎంత బ్లాకు పెడితే అంత లేస్తది, ఒక పూటలో అయిపోద్ది. కానీ హౌసింగ్ మెలి తిరుగుద్దని చెప్పా కదా, బ్లాకు ఆ మెలికి మీట లాగా పనిచేస్తది, ఎత్తుమీద ఫస్ట్ గేర్లో తొక్కితే కట్ట ముందు సగం పాము మాదిరి వంకర తిరిగి, వదిలేసి, మళ్ళీ తిరిగి, వెనకంతా దడదడలాడుద్ది. అంగుళం బ్లాకుకి పెద్ద బాధుండదు. మూడంగుళాలది పెట్టుకుని ఉదయగిరి వైపు వెలిగొండ రాళ్ళ దారుల్లో తిరిగేవాళ్ళని చూశా, ఇంజన్ తిప్పుడుని వెనక్కి తెచ్చే వాళ్ళ ప్రొపెల్లర్ షాఫ్టు కీళ్ళు, అదే క్రాసులు, ఎన్నాళ్ళుంటాయో దేవుడికే తెలియాల. బ్లాకు మీద బ్లాకు పెట్టేవాళ్ళ గురించి నేనేం చెప్పను. మూడోది పొడుగు షాకిల్, కట్ట చివరని ఛాసిస్ కి తగిలించే ఊగే లింకు అది, ఇక్కడ చాలామంది లెక్క తప్పుతారు, షాకిల్ ఉండేది కట్టకి ఒక చివరే కాబట్టి 50 ఎంఎం పొడుగు పెంచితే బండి లేచేది 25 మాత్రమే, పైగా షాఫ్టు తగులుకునే హౌసింగ్ మూతి కోణం కూడా మారుద్ది. నాలుగోది, పాత ప్లేట్లు విప్పి సమ్మెటతో కొట్టి వంపు తెప్పించడం, మన దగ్గర ఎక్కువ జరిగేది ఇదే, ఐదో పదో వేలల్లో పోద్ది.

కొట్టి వంచిన కట్ట కొన్నాళ్ళకి మళ్ళీ ఎందుకు కూర్చుంటదో కూడా చెప్పుకుందాం. కట్ట ఉక్కు మామూలు ఇనుము కాదు, ఎస్‌యూపీ 9 అనో 50సీఆర్‌వీ4 అనో క్రోమియం కలిసిన రకాలు, ఎర్రగా కాల్చి నూనెలో ముంచి, మళ్ళీ తక్కువ వేడిలో కాల్చి పదును తెస్తారు. తర్వాత ఫ్యాక్టరీలో సన్న ఉక్కు గుళ్ళతో పై ముఖం మీద కొట్టిస్తారు, షాట్ పీనింగ్ అంటారు. లోడు పడినప్పుడు ప్లేటు పై ముఖం సాగుద్ది, పగులు పుట్టేది అక్కడే, ఈ గుళ్ళ దెబ్బకి ఆ ముఖం ముందే బిగుసుకుని ఉంటది కాబట్టి పగులు తొందరగా పుట్టదు. సమ్మెట దెబ్బలు ఈ ఏర్పాటంతా పాడు చేస్తాయి. వంపైతే వస్తది, ఆయుష్షు పోద్ది. గ్యాస్ మంటతో కాల్చి వంచితే ఇంకా ఘోరం, అక్కడ పదునే పోయి ఉత్త ఇనుము మిగులుద్ది. కట్ట మీద వెల్డింగ్ చుక్క పడనివ్వకండి, ప్లేట్లన్నిటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు బెజ్జం గ్యాస్ తో పెద్దది చెయ్యనివ్వకండి, ఎవరు చెప్పినా సరే.

మా బావ బండి సంగతి ఇంకో రకం. వాళ్ళవి మైపాడు వైపు రొయ్యల గుంటలు, 25 కిలోల మేత బస్తాలు తోల్తా గట్ల మీద తిరగడమే పని, లోడు తక్కువ, దారి మెత్తన, అయినా మూడేళ్ళకే పైనుండే మెయిన్ ప్లేటు పుటుక్కుమంది. విప్పి చూస్తే ప్లేట్ల మధ్యంతా ఉప్పు తుప్పు, పై ముఖం మీద గుండుసూది గుంటలు. ఆ గుంటలే పగులుకి మొలక. ఆయన ఇప్పుడు వారానికోసారి మంచి నీళ్ళ పైపుతో కట్టల సందుల్లోకి కొట్టి కడుగుతాడు. గ్రీజు పూస్తే మంచిదా అని అడుగుతారు, తీరంలో సరే గానీ మా మెట్ట వైపు గరుసు దుమ్ములో గ్రీజు పూస్తే అది దుమ్ము పట్టి గరుకు కాయితం మాదిరి ప్లేట్లని అరగదీస్తది, ప్లేట్ల చివర నైలాన్ ప్యాడ్లు ఉండేవి చూసుకుంటే సరి. పారాబోలిక్ కట్టలని ఉంటాయి, రెండు మూడే ప్లేట్లు, మధ్యలో లావు, చివరలకి సన్నం, ప్లేట్ల మధ్య ఖాళీ, రాపిడి చాలా తక్కువ, మెత్తగా పోతాయి, కానీ రాపిడి చేసే ఊగుడు తగ్గించే పని పోయింది కాబట్టి షాకులు మంచివి పడాలి. మా పల్లెల్లో ఒక ప్లేటు విరిగితే ఆ సైజుది దొరకబుచ్చుకోవడం కష్టం, నేనందుకే వాటి జోలికి పోలేదు.

కట్ట మార్చాక చూసుకోవాల్సినవి ఉండాయి, మేస్త్రులు ఎక్కువగా వదిలేసేది ఇదే. కట్టని హౌసింగుకి బిగించే యూ బోల్టులు పాతవి మళ్ళీ వాడొద్దు, ఒకసారి బిగించాక అవి సాగి ఉంటాయి, కొత్తవి వేసి, బండి నేల మీద నిలబెట్టి ఎదురెదురుగా బిగించి, 500 కిలోమీటర్లకి మళ్ళీ బిగించాలి. యూ బోల్టు లూజైతే కట్ట సరిగ్గా సెంటర్ బోల్టు బెజ్జం దగ్గర విరుగుద్ది, విరిగిన కట్ట చూసి "ప్లేటు నాసిరకం" అంటారు గానీ బెజ్జం దగ్గర విరిగితే ముందు నేరం యూ బోల్టుదే. కట్ట చివర్ల ఉండే రబ్బరు బుషుల బోల్టులు బండి జాకీ మీద వేలాడతా ఉండగా బిగిస్తే ఆ రబ్బరు ఎప్పుడూ మెలి తిరిగే ఉండి చిరిగిపోద్ది, చక్రాలు నేల మీద పెట్టాకే ఆఖరి బిగింపు. రెండంగుళాలు లేపితే షాకులు పొడుగువి కావాలి, లేకపోతే టైరు దిగేటప్పుడు షాకే గొలుసు మాదిరి పట్టుకుని తెగుద్ది. బ్రేకు హోసు సాగుతుందేమో చూడాలి.

అన్నిటికన్నా ముఖ్యమైంది, చాలామందికి తెలీంది ఒకటుంది. చాలా పికప్ లలో వెనక హౌసింగ్ నుంచి ఛాసిస్ కి ఒక సన్న రాడ్డు పోయి ఒక వాల్వుకి తగులుద్ది. లోడు పడి వెనక దిగితే ఆ రాడ్డు వాల్వుని తిప్పి వెనక బ్రేకులకి ప్రెజరు ఎక్కువ పంపుద్ది, ఖాళీగా ఉంటే తక్కువ పంపుద్ది, ఖాళీ బండి వెనక టైర్లు లాక్ కాకుండా. ఇప్పుడు మనం కట్ట వేసి వెనక లేపేశాం, నిండా లోడేసినా బండి పాత ఖాళీ ఎత్తులోనే ఉంటది. వాల్వుకి కళ్ళు లేవు, రాడ్డు చెప్పిందే నమ్ముద్ది, బండి ఖాళీ అనుకుని వెనక బ్రేకులకి ప్రెజరు తగ్గించేస్తది. లోడు బండి, బ్రేకు ముందు చక్రాల మీదే. నాకు ఈ సంగతి తెలిసింది వాల్వు బ్రాకెట్ ని ఎత్తుకి తగ్గట్టు సరిచెయ్యాలని భాయ్ పట్టుబట్టినప్పుడే. మొదటి షాపులో దాని ఊసే లేదు. మీ బండికి ఆ రాడ్డు ఉందో లేదో పడుకుని చూడండి, ఉంటే మాన్యువల్ ప్రకారం సెట్ చేయించందే షాపు దాటొద్దు.

చట్టం సంగతి కూడా క్లుప్తంగా. కట్ట ఎంత బలం చేసినా ఆర్‌సీలో రాసిన లోడు పెరగదు, హౌసింగ్, బేరింగులు, బ్రేకులు, టైర్లు, ఛాసిస్ అన్నీ పాతవే కదా. ఓవర్ లోడుకి 2019 సవరణ తర్వాత 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకీ 2,000. బండి స్వరూపం మార్చడం మీద మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగానే చెప్పింది. అరిగిన కట్ట తీసి అదే కొలతల్లో కొత్తది వేసుకునేదానికీ, ఆరంగుళాలు లేపేదానికీ తేడా ఉంది, ఎక్కువ లేపాలనుకునేవాళ్ళు ఆర్‌టీఓ దగ్గరా ఇన్సూరెన్స్ దగ్గరా ముందు అడుక్కోండి.

నా బండికి చివరికి ఏం చేశామంటే, పాత ప్లేట్లు కొట్టించలేదు. కొత్త ప్లేట్లు, అవే 7 ఎంఎం, నాలుగు బదులు ఐదు, కంపెనీ వంపు కొలతకే, కింద హెల్పర్ పాతదే. ఐదో ప్లేటుతో గట్టితనం పావు వంతు పెరిగింది, ఎంఎంకి 8.6 కిలోలు. రోజూ ఉండే 180 కిలోల సామానుతో లెక్కేస్తే కట్ట 93 ఎంఎం అణుగుద్ది, అంటే కంపెనీ కట్ట ఖాళీ బండి కింద ఎట్టా ఉండేదో ఇప్పుడు సామానుతో దాదాపు అట్టానే ఉంటది. అసలు ఖాళీ చేస్తే కాస్త గట్టిగానే ఉంటది, కానీ నేనెప్పుడూ ఖాళీ చెయ్యను కదా. వాల్వు బ్రాకెట్ సరిచేశారు, షాకులు కొత్తవి పడ్డాయి, ఐదొందల కిలోమీటర్లకి పోతే భాయ్ యూ బోల్టులు ఒక్కోటి పావు చుట్టు తిప్పాడు, డబ్బులు తీసుకోలేదు, టీ తాగించమన్నాడు.

అదే గరుసు మలుపులో పోయిన వారం కూడా వచ్చాం, నాయన పక్క సీట్లో నిద్రపోతా ఉన్నాడు. ఆ రెండు 8 ఎంఎం ప్లేట్ల జతలు కొన్నాళ్ళు షెడ్డులో మూల పడున్నాయి, ఊళ్ళో కమ్మరి చూసి అడిగితే ఇచ్చేశా. కమాన్ ప్లేటు కత్తికి మించిన కత్తి ఉండదు అన్నాడు. నిమ్మ ముళ్ళ కంప నరకడానికి మాకు రెండు కొట్టిచ్చాడు, మిగతా ఇనుము కూలి కింద ఉంచుకున్నాడు.